డ్యూన్ నవల పూర్తవ్వాలంటే ఎంత టైం పట్టుద్ది? 3 వారాల్లో 62 పేజీలే అయినయ్

గుంటూరు ప్యాసింజర్:

అందరికీ నమస్తే అండీ. నాది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో, సీజన్ టికెట్ మీద రోజూ వెళ్లొస్తా. పొద్దున ఎక్కితే నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ దాటి బెజవాడలో దిగేసరికి గంట అటూ ఇటూ అవుద్ది, సాయంత్రం మళ్లీ అంతే. ఇన్నేళ్లూ ఆ టైమంతా ఫోన్లోనే పోయింది.

మా అక్క కూతురు బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటది. మొన్న సెలవలకి వచ్చినప్పుడు డ్యూన్ అనే ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ నవల నా చేతిలో పెట్టి, మావయ్యా నేను సంక్రాంతికి వచ్చేసరికి ఇది చదివి ఉంచు, మనిద్దరం కూర్చుని మాట్లాడుకుందాం, మా రూమ్‌లో ఒక్కళ్లు కూడా చదవలేదు నాకు చెప్పుకోడానికి మనిషి లేడు అంది. దానికి ఏడో తరగతి అప్పుడు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులకి తీసుకెళ్లి మొదటి ఇంగ్లీషు కథల పుస్తకం కొనిపెట్టింది నేనే. ఇప్పుడు అదే పిల్ల తిరిగి నాకు పుస్తకం ఇచ్చి చదవమంటే ఎట్టా కాదంటాను చెప్పండి. ఎలాగైనా పూర్తి చెయ్యాలని ఉంది.

సమస్య ఏంటంటే నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆఫీసులో ఇంగ్లీషు మెయిల్స్, పేపరు ఇబ్బంది లేదు. తెలుగు నవల అయితే 300 పేజీలది రెండు మూడు రోజుల్లో అయిపోద్ది నాకు. ఇది మాత్రం 3 వారాలకి 62 పేజీలు. మొదటి అధ్యాయంలోనే కలడాన్, బెనె జెస్సెరిట్, గోమ్ జబ్బార్, క్విసాట్జ్ హడరాక్ అని వరసపెట్టి వచ్చినయ్, ఫోన్లో డిక్షనరీ తీసి కొడితే ఒక్కటీ రాదు, వెనక గ్లాసరీ ఉందని తెలిశాక ప్రతి మాటకీ వెనక్కి తిప్పడం మళ్లీ ముందుకు రావడం, ఈలోపు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మర్చిపోయి పేజీ మొదటి నుంచి చదవడం, ఇదీ వరస. నెట్‌లో చూస్తే ఈ నవల 12 గంటల్లో చదివెయ్యొచ్చని ఉంది. ఆ లెక్కన నాకు రెండు వారాల్లో అయిపోవాల్సింది కదా.

నిజంగా చదివినవాళ్లు చెప్పండి, మనలాంటోళ్లకి ఎన్ని గంటలు పట్టుద్ది? పుస్తకమే కష్టమా, నా ఇంగ్లీషు చాలదా? ముందు వేరే ఏదన్నా చదివి దీనికి రమ్మంటారా?


బ్రాడీపేట రీడర్:

అన్నా నేను చదివా, నాకు సరిగ్గా 5 వారాలు పట్టింది, అందులో మొదటి 100 పేజీలకే 2 వారాలు పోయినయ్. కాబట్టి నువ్వు వెనకబడ్డావనే మాట మనసులోంచి తీసెయ్.

ఈ పుస్తకానికి పేజీకి ఇంత టైం అని ఒకటే లెక్క పెట్టుకుంటే కుదరదు. మొదట్లో రచయిత నీకేమీ చెప్పడు, ఒక ఇంట్లో పెళ్లికి ముక్కూమొహం తెలియని మనిషివి వెళ్లి కూర్చున్నట్టు ఉంటది, అందరూ ఎవరెవరి గురించో మాట్లాడుకుంటుంటారు, ఎవరు ఎవరికి ఏమవుతారో నీకు తెలియదు, కాసేపు అట్టా కూర్చుంటే నీకే తెలుస్తది, ప్రతి ఒక్కళ్లనీ ఆపి మీరెవరండీ అని అడిగితే మాత్రం తెలియదు. నువ్వు గ్లాసరీ తిప్పేది అదే పని. నేనూ అదే తప్పు చేశా. తర్వాత ఒక రోజు పుస్తకం వెనక పేజీలు క్లిప్పు పెట్టి మూసేసి, మాట తెలియకపోయినా ముందుకు పోవాల్సిందే అని కూర్చున్నా. గోమ్ జబ్బార్ అంటే ఏంటో ఆ మాట వచ్చిన కాసేపటికే ముసలావిడ ఆ పిల్లోడి మెడ దగ్గర సూది పెట్టి వాడి చెయ్యి పెట్టెలో పెట్టించిన చోట తెలిసిపోద్ది, గ్లాసరీ అక్కర్లేదు. మిగతావి కూడా చాలావరకు అంతే, ముందు మాట వస్తది, సంగతి తర్వాత జరుగుద్ది.

ఇంకోటి, అధ్యాయాలకి నంబర్లు ఉండవు గమనించావా, పైన ఒక పుస్తకంలోంచి తీసినట్టు నాలుగు లైన్లు ఉంటయ్, రాకుమారి ఇరులాన్ రాసినట్టు. వాటిని చాలామంది వదిలేస్తారు. వదలొద్దు. ఆ అధ్యాయంలో దేని మీద కన్నేసి ఉంచాలో అక్కడే ఉంటది. ద్రోహం చేసేది ఎవరో కూడా రచయిత దాచడు, మొదట్లోనే చెప్పేస్తాడు, అది చదివి నాకు సగం ఉత్సాహం పోయింది అప్పట్లో, తర్వాత అర్థమైంది, ఆ మనిషి ఆ ఇంట్లోవాళ్లతో మామూలుగా మాట్లాడే ప్రతి మాట దగ్గరా మనకి గుండె బరువెక్కాలనే ముందు చెప్పాడని. ఎవరు అనేదానికి కాకుండా ఎట్టా జరుగుద్ది అని చదివితే స్పీడ్ దానంతట అదే వస్తది.


రిటైర్డ్ ఇంగ్లీష్ మాస్టారు:

గుంటూరు ప్యాసింజర్ గారూ, 35 ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ 12 గంటల లెక్క ఎలా వచ్చిందో ముందు చూద్దాం. డ్యూన్‌లో సుమారు 1,88,000 ఇంగ్లీషు మాటలు ఉంటాయి. మార్క్ బ్రైస్‌బార్ట్ అనే బెల్జియం పరిశోధకుడు చాలా అధ్యయనాలని కలిపి చూసి 2019లో తేల్చింది ఏంటంటే, ఇంగ్లీషులో కథలు నవలలు మనసులో చదువుకునే పెద్దవాళ్ల సగటు నిమిషానికి 260 మాటలు, మామూలు వ్యాసాలకి 238, పైకి చదివితే 183. 1,88,000ని 260తో భాగించండి, 723 నిమిషాలు, అంటే 12 గంటలు. అంతే. ఆ లెక్కలో పుస్తకం కష్టమా సులువా అన్నది లేనే లేదు, చదివేవాడి మాతృభాష ఏంటన్నది అసలే లేదు. ఆ సగటు ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్లది. రెండో భాషగా నేర్చుకున్నవాళ్లు అంతకంటే నెమ్మదిగా చదవడం లోపం కాదు, ఎవరికైనా అంతే. ఇదే నవల ఆడియో పుస్తకం 21 గంటల పైన ఉంది, చదివి వినిపించేవాళ్లకే అంతసేపు పట్టింది.

తెలుగు నవల రెండు రోజుల్లో అయిపోద్ది అన్నారు, ఆ పోలిక పెట్టుకుని బాధపడకండి. పైగా మాటల లెక్క రెండు భాషలకీ ఒకటి కాదు. ఇంగ్లీషులో ఐ హ్యాడ్ టు గో అంటే నాలుగు మాటలు, మనకి వెళ్లాల్సొచ్చింది అంటే ఒక్క మాటలో అయిపోయింది. అందుకని నిమిషానికి ఇన్ని మాటలు అనే కొలత తెలుగుకి అలాగే తెచ్చి అంటిస్తే పొరపాటు.

ఇక కష్టం సంగతి. పుస్తకం ఏ తరగతివాళ్లు చదవగలరో చెప్పే సూత్రాలు కొన్ని ఉన్నాయి, రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన 1948లో ఒకటి ఇచ్చాడు, దాన్నే మార్చి 1975లో అమెరికా నౌకాదళం కోసం ఫ్లెష్ కింకెయిడ్ సూత్రం అని చేశారు, ఇప్పుడు కంప్యూటర్లలో కనిపించేది ఎక్కువగా అదే. అది చూసేది రెండే రెండు: వాక్యంలో ఎన్ని మాటలున్నాయి, మాటలో ఎన్ని అక్షరోచ్చారణలున్నాయి. ఇప్పుడు గోమ్ జబ్బార్ తీసుకోండి. గోమ్ ఒకటి, జబ్బార్ రెండు. ఆ సూత్రం దృష్టిలో టేబుల్ అన్నంత తేలిక మాట అది! డ్యూన్‌లో సంభాషణలు ఎక్కువ, వాక్యాలు పొట్టివి, అందుకని సూత్రం వేస్తే పిల్లల పుస్తకంలా కనిపిస్తుంది. మీకు 62వ పేజీలో చెమట పట్టించింది వాక్యం కాదు. తెలియని లోకం. ఒకే గదిలో ముగ్గురు కూర్చుని ఉంటే ముగ్గురి మనసులో మాటా వంకర అక్షరాల్లో పక్కపక్కనే ఇస్తాడు, పైకి ఒకటి అంటారు లోపల ఇంకొకటి అనుకుంటారు. దాన్ని పట్టుకోవడానికి ఇంగ్లీషులో పుట్టినవాడైనా ఆగాల్సిందే.

మీ ఇంగ్లీషు చాలుతుందా అన్నదానికి ఒక పరీక్ష చెప్తాను. భాషాబోధన మీద పనిచేసిన పాల్ నేషన్ అనే ప్రొఫెసర్ 2006లో రాసిందాని ప్రకారం, ఇంగ్లీషు నవల సాయం లేకుండా చదవాలంటే పేజీలో 98 శాతం మాటలు తెలిసి ఉండాలి, దానికి ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) రావాలి. 98 శాతం అంటే 300 మాటల పేజీలో తెలియనివి 6. మీరు ఏదో ఒక పేజీ తీసి పెన్సిల్‌తో తెలియని మాటల కింద గీత పెట్టండి, రచయిత పుట్టించిన పేర్లు వదిలేయండి, అవి ఎవరికీ తెలియవు. మిగిలినవి 6 లోపు ఉంటే మీ ఇంగ్లీషుకి ఏ లోటూ లేదు. 15 దాటితే మాత్రం పటమట వాళ్లో ఇంకెవరో చెప్పినట్టు చిన్న పుస్తకంతో మొదలుపెట్టొచ్చు.

తర్వాత ఒక మూడు పేజీలు గడియారం పెట్టుకుని చదవండి, డిక్షనరీ లేకుండా. మీ స్పీడ్ మీకే తెలుస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు.


పటమట పుస్తకాలు:

మాస్టారూ నేను ఇంకా చెప్పకముందే నా పేరు వాడేశారు, సరే చెప్తాను 🙂

తమ్ముడూ నా మాట కొంచెం వేరు. ఇప్పుడు దాన్ని పక్కన పెట్టి హెచ్ జి వెల్స్ రాసిన టైమ్ మెషీన్ తీసుకో. 1895లో వచ్చింది, 32,000 మాటలే, డ్యూన్‌లో ఇంచుమించు ఆరో వంతు. నీ ట్రైన్ లెక్కన వారంలో అయిపోద్ది. ఒక ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ మొదటి నుంచి చివరిదాకా నేనే చదివా అనే ధైర్యం వచ్చాక పెద్దదానికి వెళ్తే ఆ నడక వేరేగా ఉంటది. నేను ఇంటర్ పిల్లలకి లైబ్రరీ పుస్తకాలు ఇచ్చే పనిలో చాలా ఏళ్లు ఉన్నా, పెద్ద పుస్తకం మధ్యలో వదిలేసిన పిల్లలు మళ్లీ ఇంగ్లీషు నవల జోలికే రాకపోవడం కళ్లారా చూశా. నాకు అదే భయం.

ఒకటి మాత్రం నిజం, వెల్స్ ఇంగ్లీషు పాతది, వాక్యాలు పొడుగు, పేజీకి డ్యూన్ కంటే ఎక్కువ టైం పట్టినా పట్టొచ్చు. కానీ చెప్పేది ఒక్క మనిషి, ఒకటే దారి, వెళ్లాడు చూశాడు వచ్చాడు. ఎవరు ఎవరికి చుట్టమో గుర్తుపెట్టుకునే పని లేదు.


బ్రాడీపేట రీడర్:

అక్కా మీరు చెప్పింది మామూలుగా అయితే కరెక్టే. కానీ ఆయన మేనకోడలు ఇచ్చింది ఈ పుస్తకం. సంక్రాంతికి వచ్చి డ్యూన్ గురించి మాట్లాడదాం అంటే నేను టైమ్ మెషీన్ చదివా అని చెప్తాడా? ఇక్కడ సులువైన పుస్తకం ఏదో కాదు ప్రశ్న, ఆ పిల్లకి చెప్పుకోడానికి ఒక మనిషి కావాలి.


పటమట పుస్తకాలు:

అది నిజమేలే. ఆ మాట దగ్గర నేను ఆగిపోవాల్సిందే. అయితే ఒక పని చెయ్ తమ్ముడూ, 2021లో వచ్చిన సినిమా చూడు, మొదటి భాగం. నవల సగం దాటి కాస్త ముందుకు వస్తది దాంట్లో. మొహాలు తెలిస్తే పేర్లు గుర్తుంటయ్. నవల ముందు చదవాలి సినిమా తర్వాత చూడాలి అని పట్టుబట్టేవాళ్లు ఉంటారు, నేనూ మామూలుగా ఆ జట్టే, కానీ టైం తక్కువ ఉన్నప్పుడు ఇది పనికొస్తది.


పాతగుంటూరు భాయ్:

భయ్యా నాది వేరే అనుభవం, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. మా ఇంట్లో ఉర్దూ. నాకు ఇంగ్లీషు నీ అంతే వచ్చు, ఇంకా తక్కువేనేమో. కానీ ఈ నవల మధ్యలోకి వచ్చాక, ఎడారి మనుషులు ఫ్రెమెన్ వచ్చిన దగ్గర నుంచి, మా ఇంగ్లీష్ మీడియం ఫ్రెండ్స్ ఎక్కడెక్కడ ఆగారో అక్కడ నేను ఆగలేదు. రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ వాళ్ల భాషకి చాలా మాటలు అరబ్బీ నుంచి తీసుకున్నాడు. లిసాన్ అల్ గైబ్ అని వస్తది, లిసాన్ అంటే నాలుక లేదా భాష, గైబ్ అంటే కంటికి కనపడనిది, మనం గాయబ్ అయిపోయాడు అంటామే ఆ గాయబ్ కూడా దాని చుట్టమే. ఇల్మ్, హజ్, ఔలియా, మహదీ ఇవన్నీ మా నానమ్మ నోట్లో రోజూ వినే మాటలు, గ్లాసరీలో చూస్తే వరసగా ఉన్నయ్. అర్థాలు అచ్చంగా అవే కావు, కథలో వేల ఏళ్లు గడిచినట్టు కాబట్టి కొంచెం మార్చాడు, ఔలియాకి ఆయన ఇచ్చిన అర్థం చదివి మా నాన్న ఇదేంటి ఇట్టా రాశాడు అని చాలాసేపు నాతో మాట్లాడాడు కూడా. కానీ చెవికి తెలిసిన మాట అయ్యేసరికి కన్ను దాని మీద తట్టుకోదు.

ఆ క్విసాట్జ్ హడరాక్ మాత్రం అరబ్బీ కాదు, హీబ్రూ నుంచి వచ్చింది, దారి దగ్గరైపోవడం అనే అర్థం ఉంది దానికి. దూరాన్ని ఒక్క అంగలో దాటెయ్యడం అన్నమాట. కథలో ఆ మాట ఎవరికి వాడతారో తెలిశాక ఈ అర్థం గుర్తు చేసుకో, భలే ఉంటది.

నీకు హిందీ సినిమాల ఉర్దూ కొంచెం వచ్చినా చాలు. ఆ మాటలని నోటితో పైకి అనుకో, కళ్లతో స్పెల్లింగ్ చూడకు. షాయ్ హులూద్. ముఆద్దిబ్. రెండుసార్లు పలికితే మనిషి పేరు అయిపోద్ది, మళ్లీ వచ్చినప్పుడు ఆగవు.


గుంటూరు ప్యాసింజర్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలా. మాస్టారు గారు చెప్పిన పరీక్ష నిన్న పొద్దున ట్రైన్‌లో చేశా. పెన్సిల్ లేదు, పక్క సీట్లో స్కూల్ పాపని అడిగి తీసుకున్నా. 63వ పేజీలో పేర్లు వదిలేస్తే తెలియని మాటలు 5. నాకు ఒక్కసారి గుండె తేలికైంది, ఇన్నాళ్లూ ఇంగ్లీషు రాదనే అనుకుంటున్నా.

తర్వాత టైం. పాత పద్ధతిలో, అంటే ఫోన్లో డిక్షనరీ, వెనక గ్లాసరీ అన్నీ చూసుకుంటూ, మూడు పేజీలకి 24 నిమిషాలు. తర్వాతి మూడు పేజీలు పుస్తకం వెనక రబ్బరు బ్యాండ్ వేసి ఏమీ చూడకుండా చదివితే 9 నిమిషాలు. నా కాపీలో పేజీకి 330 మాటలు ఉన్నయ్, నాలుగు లైన్లు లెక్కపెట్టి అంచనా వేశా, అంటే నిమిషానికి 110. ఆ 260కి సగం కూడా లేదు కానీ నాకు ఇది చాలు. ఇంకా 508 పేజీలు మిగిలినయ్, పేజీకి 3 నిమిషాలంటే 25 గంటలు పైచిలుకు. ట్రైన్‌లో సీటు దొరకడం, తెలిసినవాళ్లు పలకరించడం అన్నీ పోను రోజుకి 65 నిమిషాలు నికరంగా చదవగలను, వారానికి 6 రోజులు, అంటే 4 వారాలు. ఇవాళ డిసెంబరు 3. పండక్కి ముందే అయిపోద్ది!

డిక్షనరీ లేకుండా అర్థం ఎంతవరకు అయిందా అని నాకూ అనుమానం వచ్చింది, అందుకే సాయంత్రం తిరుగు ట్రైన్‌లో అవే మూడు పేజీలు మళ్లీ చదివా. పొద్దున వదిలేసిన ఒక మాట దగ్గర మాత్రమే ఆగా, మిగతాదంతా తెలుస్తానే ఉంది. ఇరులాన్ లైన్లు కూడా ఇప్పుడు వదలట్లేదు, మొదటి నుంచి వదిలేసినవన్నీ వెనక్కి వెళ్లి చదువుకున్నా. ద్రోహి సంగతి నాకు అప్పుడు సరిగా ఎక్కలేదు, మళ్లీ చదివాక ఆ మనిషి పిల్లోడికి పుస్తకం బహుమతిగా ఇచ్చే చోట కాసేపు ముందుకి పోలేకపోయా.

ఒక చిన్న డౌటు. ముందు పెద్ద విందు అధ్యాయం ఒకటి ఉందని మా మేనకోడలు మెసేజ్ పెట్టింది, అక్కడ తనకే నాలుగు రోజులు పట్టిందంట. దాన్ని ఎట్టా చదవమంటారు?


బ్రాడీపేట రీడర్:

అన్నా అది నిజంగానే గట్టి అధ్యాయం. ఒక బల్ల చుట్టూ కూర్చున్న మనుషులు తింటా మాట్లాడుకోవడం తప్ప ఏమీ జరగదు, కానీ ఆ మాటల కిందే అంతా జరుగుద్ది. ట్రైన్‌లో వద్దు. ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చుని ఒకేసారి చదువు. ఒక కాగితం మీద బల్ల గీసుకుని ఎవరెవరు కూర్చున్నారో పేర్లు రాసుకో, నేను అట్టానే చేశా, ఆ కాగితం ఇప్పటికీ నా పుస్తకంలో ఉంది. నీళ్ల గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరు మాట్లాడారో టిక్కు పెట్టు.


పాతగుంటూరు భాయ్:

అవును, నీళ్లు. గుమ్మం దగ్గర చేతులు కడుక్కున్న నీళ్లు నేల మీద పొయ్యడం, తడిసిన తువ్వాళ్లు పిండి ఆ నీళ్లు బయట నిలబడ్డవాళ్లకి అమ్ముకునే ఆచారం గురించి ఆ అధ్యాయం మొదట్లోనే వస్తది, అక్కడ తొందరపడకు భయ్యా.


గుంటూరు ప్యాసింజర్:

ఆదివారమే పెట్టుకుంటా. కాగితం కూడా రెడీ. మా మేనకోడలికి చెప్తే దాని కాగితం ఫొటో పంపించింది, అదీ బల్ల గీసుకుందంట, కానీ నేను నాది పూర్తయ్యేదాకా జూమ్ చేసి చూడను అని చెప్పా.